రోష్ హషానాకు ఇంట్లో ఏది కాల్చాలి: గుండ్రటి హల్లా రొట్టెనా, తేనె కేకా?

యూదుల నూతన సంవత్సరానికి ఈ రెంటిలో ఒక్కటే చేసే తీరిక ఉన్నవారికి ఈ పోలిక.

ఖర్చు: హల్లాకు మైదా, గుడ్లు, నూనె, ఈస్ట్ చాలు, కేకుకు తేనె ఖరీదు తోడవుతుంది.

శ్రమ: హల్లా పిండిని బాగా మర్దించి, రెండుసార్లు పొంగనిచ్చి, సంవత్సర చక్రానికి గుర్తుగా గుండ్రంగా చుట్టాలి, వంటగది చల్లగా ఉంటే మరింత ఆలస్యమవుతుంది. కేకు పిండిని కలిపి పోస్తే చాలు.

ఇబ్బంది: హల్లా మర్నాటికే గట్టిపడుతుంది. తేనె త్వరగా మాడుతుంది కనుక కేకును 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిదానంగా కాల్చాలి. అయితే అది ఒకటి రెండు రోజులు నిలవ ఉంటే ఇంకా రుచిస్తుంది.

పండుగ భోజనంలో రొట్టె మీద ఆశీర్వచనం తప్పనిసరి కాబట్టి, అతిథులను ఇంటికి పిలిచేవారు హల్లాయే చేయాలని నా గట్టి అభిప్రాయం. ఇతరుల ఇంటికి వెళ్లేవారికీ, రెండు వారాల తర్వాత వచ్చే మరో యూదు పండుగ సుక్కోత్‌కు ముందే చేసి ఫ్రీజర్‌లో దాచుకోదలచినవారికీ కేకు మేలు.