మా అంబాసిడర్ టకటక మోత, ఆటోనగర్ మేస్త్రి

నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్ మార్క్-4 పెట్రోలు బండి మాది. పోయిన చలికాలం నుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే బానెట్ కింద టకటకమని మోత. పది నిమిషాలు నడిచాక తగ్గిపోయేది. ఇంటి దగ్గర షెడ్డులో ట్యాపెట్ల (ఇంజిన్ వాల్వుల్ని కదిలించే భాగాలు) చప్పుడన్నారు, సర్దారు, తగ్గలేదు. రెండోసారి మేనిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగని సైలెన్సర్ గొట్టానికి చేర్చే ఇనుప భాగం) ప్యాకింగ్ మార్చి, చుట్టూ సీలెంట్ పూసి, నట్లు గట్టిగా బిగించి పంపారు. రెండు నెలలకే మళ్లీ మొదలైంది. ఈసారి సింహాచలం కొండెక్కుతుంటే లోపలికి పొగ వాసన వచ్చింది, వెనక సీట్లో అమ్మ తలనొప్పి అంది. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. అద్దాలన్నీ దించుకుని ఇంటికొచ్చాం.

గాజువాక ఆటోనగర్‌లో పాత బండ్లు చూసే మేస్త్రి ఉన్నారని తెలిసి తీసుకెళ్లాను. షెడ్డుకి బోర్డు లేదు. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. "రాత్రికి ఇక్కడే వదిలెయ్యండి మాస్టారూ, చల్లారాక వినాలి" అన్నారు.

పొద్దున్నే స్టార్ట్ చేయించి, సైలెన్సర్ చివర తడిగుడ్డ అడ్డం పెట్టారు. పొగకి దారి తగ్గగానే మోత పెరిగింది. ట్యాపెట్ల చప్పుడైతే గుడ్డ పెట్టినా మారదట. లీకైతేనే ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకున్నాక తగ్గుతుందని చెప్పారు. మేనిఫోల్డ్ విప్పితే రెండు, మూడు సిలిండర్లకి ఉమ్మడిగా ఉన్న నడిమి రంధ్రం పక్కన నల్లటి మసి చార.

కొత్త ప్యాకింగ్ వేసేసి పంపుతారనుకున్నాను. ఆయన మేనిఫోల్డ్ మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఉక్కు ఆకుల కట్ట) ఆకు దూర్చి నాకు చూపించారు. పావు మిల్లీమీటరు ఆకు సులువుగా దూరిపోయింది. అంటే మేనిఫోల్డే వంగింది, ప్యాకింగ్ తప్పేమీ లేదు. పైగా ఈ ఇంజిన్‌లో ఇన్‌లెట్ (గాలి, పెట్రోలు లోపలికెళ్లేది), ఎగ్జాస్ట్ (పొగ బయటికొచ్చేది) మేనిఫోల్డ్‌లు రెండూ ఒకే పక్కన, ఒకే ప్యాకింగ్ మీద కూర్చుంటాయి. కొన్నిచోట్ల ఒకే వాషర్ రెండింటి అంచుల్నీ కలిపి నొక్కాలి. ఒక అంచు పల్చబడితే వాషర్ రెండోదాని మీదే ఆగుతుంది, ఎంత బిగించినా లాభం లేదు. రెండింటినీ గ్రైండింగ్‌కి పంపి, అంచుల మందం సమానం చేయించారు.

మేనిఫోల్డ్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచే మరల కడ్డీలు, అంటే స్టడ్ల దగ్గర ఆలస్యమైంది. సముద్రం గాలికి తుప్పు పట్టి, రాత్రంతా నూనెలో నానినా ఒకటి విరిగింది. దాన్ని డ్రిల్ చేసి తీసి, మరలు మళ్లీ కోసి, అన్నీ కొత్తవి వేశారు. వాటికి ఇత్తడి నట్లు. ఇవి తుప్పుతో ఉక్కు స్టడ్డుకి అంత తొందరగా అతుక్కుపోవు. సీలెంట్ చుక్క కూడా వాడలేదు. నడిమి నుంచి మొదలుపెట్టి రెండు చివరలకీ, మూడు విడతలుగా బిగించారు.

ప్యాకింగ్, స్టడ్లు, గ్రైండింగ్, కూలీ కలిపి 3,400 రూపాయలు. ఒక్క రోజన్నది మూడు రోజులైంది. ఫోన్ ఎత్తరు, బిల్లు అడిగితే కాగితం మీద రాసిచ్చారు. ఇవి నాకు నచ్చలేదు. కానీ వంద కిలోమీటర్లు తిరిగాక చల్లటి ఇంజిన్ మీద నట్లు మళ్లీ చూడాలని ఆయనే గట్టిగా చెప్పారు. భీమిలికి రెండుసార్లు వెళ్లొచ్చి తీసుకెళితే రెండు నట్లు కొద్దిగా తిరిగాయి. దానికి డబ్బు తీసుకోలేదు.

నాలుగు నెలలైంది. పొద్దున స్టార్ట్ చేస్తే మోత లేదు, వాసనా లేదు. మొన్న అమ్మని మళ్లీ సింహాచలం తీసుకెళ్లాను.

ఆదివారం సెలవు. బండి సాయంత్రమే అప్పగించి, మర్నాడు పొద్దున ఆయన స్టార్ట్ చేసే టైంకి మీరూ అక్కడ ఉండండి. అడిగితే ఫీలర్ గేజ్ మీ చేతికే ఇస్తారు.