ఏడేళ్ళుగా మా తలుపుకున్న నైట్ ల్యాచ్, ఒక్క తాళంచెవి పోయిన రోజు

హైదరాబాదులో ఈ ఫ్లాటులోకి మారినప్పుడు, 2018లో, టేకు తలుపుకు నైట్ ల్యాచ్ బిగించాము. అంతకుముందు అద్దె ఇళ్ళలో గొళ్ళేనికి తాళం కప్ప వేసుకునేవాళ్ళం. తాళంచెవి పోతే కప్పను కోయించి కొత్తది కొంటే సరిపోయేది. నైట్ ల్యాచ్ అలాంటిది కాదు. తలుపు మూసుకున్న క్షణాన దానంతట అదే పడిపోతుంది కనుక, దీన్ని వాడే పద్ధతి ముందే తెలిసి ఉండాలి. మాకు అది ఆలస్యంగా తెలిసింది.

డబ్బాలో మూడు తాళంచెవులు వచ్చాయి. 2021 వానాకాలంలో నేను కూరగాయలకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి నా చెవి సంచిలో లేదు. రెండోది కరీంనగర్ వెళ్ళిన మావారి దగ్గర, మూడోది లోపల బీరువాలో ఉన్నాయి. పైగా వెళ్ళేటప్పుడు చెవిని రెండుసార్లు తిప్పి వెళ్ళాను. ఒక్కసారి మూసుకున్న తలుపులో ఏటవాలు నాలుక మాత్రమే ద్వారబంధంలోకి దిగుతుంది. రెండుసార్లు తిప్పితే అది వెనక్కి నెట్టడానికి వీలు లేకుండా బిగుసుకుంటుంది. దొంగ కోసం పెట్టుకున్న గట్టిదనం ఆ పూట నాకే అడ్డం నిలిచింది.

తాళాలు బాగుచేసే అతను వచ్చి ముందు వాచ్‌మన్‌ను అడిగి, నా ఆధార్ కార్డు చూసి, ఆ తరువాతే పెట్టె తెరిచాడు. ఈ జాగ్రత్త లేని మనిషిని పిలవవద్దని గట్టిగా చెబుతాను. మా చెవికి పళ్ళు ఉండవు, చదునైన ముఖం మీద చిన్న గుంటలు ఉంటాయి. ఆ గుంటల లోతును బట్టి, తాళంలో చెవి దూరే భాగమైన సిలిండర్‌లోని పిన్నులన్నీ ఒకే వరుసకు వస్తేనే అది తిరుగుతుంది కాబట్టి ఆకురాయితో అప్పటికప్పుడు చెవి చేయడం కుదరదని అతను వివరించాడు. చివరకు సిలిండర్‌నే డ్రిల్లుతో తొలిచాడు. ఒక మొన విరిగింది, గంటకు పైగా పట్టింది, కానీ తలుపు చెక్కకు గీత కూడా పడలేదు. తాళం మొత్తం మార్చనక్కరలేదని, సిలిండర్ ఒక్కటే కొత్తది వేస్తే చాలని అప్పుడే తెలిసింది. పోయిన చెవి ఎవరికి దొరికినా ఇక పనికిరాదు కనుక ఆ ఖర్చు నాకు భారమనిపించలేదు.

మొత్తం మీద దీని పనితీరు నాకు నచ్చింది. వానాకాలంలో తలుపు ఉబ్బి నాలుక సరిగా దిగనప్పుడు వడ్రంగి ద్వారబంధంలోని పలకను కొంచెం కిందికి జరిపాడు. మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు. సిలిండర్‌లో కొబ్బరినూనె పోయవద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. ఏడాదికోసారి గ్రాఫైట్ పొడి వేస్తే చాలు.

లోపాలు రెండు. లోపలి గుండ్రటి పిడి చిన్నది, కీళ్ళ నొప్పులున్న మా అత్తయ్యగారి వేళ్ళకు అది పట్టు దొరకదు. రెండోది చాలా పెద్దది. బయటి నుండి రెండుసార్లు తిప్పితే మా మోడల్‌లో లోపలి పిడి కూడా తిరగదు. ఒక మధ్యాహ్నం అత్తయ్యగారు లోపల నిద్రపోతుండగా నేను అలాగే తాళం వేసి వెళ్ళిపోయాను. ఆమె లేచి గంటసేపు తలుపు తీయలేకపోయారు. ఆ సమయంలో గ్యాస్ వాసనో పొగో వచ్చి ఉంటే ఏమయ్యేదన్న భయం నన్ను ఇప్పటికీ వదలలేదు. ఇంట్లో మనిషి ఉండగా రెండో తిప్పు తిప్పకూడదన్నది అప్పటి నుండి మా ఇంటి నియమం.

ఇప్పుడు ఒక చెవి కింది అంతస్తులోని వారి దగ్గర ఉంచాము. నకలు చేయించడానికి కావలసిన నంబరు కార్డు మావారి ఆఫీసు సొరుగులో ఉంది. ఒంగోలులో అమ్మావాళ్ళింటికి ఇంకొకటి కొనబోతున్నాను; కొట్లోనే బయటి వైపు నుండి రెండుసార్లు తిప్పించి, లోపలి పిడి తిరుగుతోందని నా చేత్తో చూశాకే డబ్బు కడతాను.