రేనాక్స్ డీసీఆర్-250: ఇంటి వెనక అడవికి సరిపోయే మ్యాక్రో

బెంగళూరులోని తురహళ్లి అడవి పక్కన ఇల్లున్నవాళ్లు, పురుగుల్లాంటి చిన్నవాటిని పెద్దగా తీసే ఖరీదైన మ్యాక్రో లెన్స్ కొనేముందు ఈ చిన్న అద్దాన్ని చూడాలి. కెమెరా లెన్స్ ముందు తగిలించే 8 డయాప్టర్ల (అద్దం శక్తి కొలత) క్లోజప్ లెన్స్ ఇది. 52 నుంచి 67 మి.మీ. ఫిల్టర్ సైజు (లెన్స్ ముందు అంచు వ్యాసం) ఉన్నవాటికి క్లిప్పుతో బిగుస్తుంది. కేనన్ 55-250 జూమ్ లెన్స్ ఫిల్టర్ సైజు 58, కాబట్టి ఇబ్బంది లేదు. కొమ్మ మీద పిగిలిపిట్ట వాలితే క్లిప్పులు నొక్కి తీసేసి అదే జూమ్‌తో తీయొచ్చు. ఇది చాలా గొప్ప సౌకర్యం.

జూమ్ 250లో, ఫోకస్ అనంతంలో ఉంచితే పురుగు బొమ్మ సెన్సర్ మీద అసలు సైజుకు 2 రెట్లు పడుతుంది. అప్పుడు అద్దానికీ పురుగుకూ మధ్య దూరం సుమారు 12 సెం.మీ. ఆటోఫోకస్ ఆపేయండి, అది వెతుకుతూనే ఉంటుంది. కెమెరానే మెల్లగా ముందుకు జరుపుతూ, సాలీడు కళ్లు స్పష్టమవగానే నొక్కాలి. అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/11కి చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరులో చిన్న వంతే. ఎఫ్/16 దాటిస్తే బొమ్మంతా మెత్తబడుతుంది. జూమ్ బాగా తగ్గిస్తే మూలలు నల్లబడతాయి.

చెట్ల నీడలో ఫ్లాష్ తప్పదు: షట్టర్ 1/200 సెకను, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 200తో మొదలుపెట్టండి. కెమెరాలోని ఫ్లాష్‌కు లెన్స్ నీడ అడ్డొస్తుంది, విడి ఫ్లాష్ మేలు. దాని ముందు తెల్లటి ఫోమ్ షీటు వంచి కట్టకపోతే పెంకుపురుగుల వీపు మీద వెలుగు మచ్చ పడుతుంది.

తూనీగలు అంత దగ్గరికి రానివ్వవు. వాటికి 4.8 డయాప్టర్ల డీసీఆర్-150 తీసుకోండి, 20 సెం.మీ. దూరం దొరుకుతుంది.