బెజవాడలో టిమోతీ హే: ఏ ప్యాకెట్ కొనదగ్గది, ఏది కాదు

బెజవాడ పెట్ షాపుల్లో కుందేళ్లకు, గినీ పిగ్‌లకు అమ్మే గడ్డి ప్రధానంగా మూడు రకాలు: టిమోతీ హే, ఆల్ఫాల్ఫా (పాడి రైతులు లూసర్న్ అనేది ఇదే), పేరేమీ రాయని ఎండుగడ్డి కట్ట. ఎదిగిన జంతువు ముందు రోజంతా ఉండాల్సింది టిమోతీయే. అందులోనూ మా ఓటు సెకండ్ కట్‌కు, అంటే ఒకే చేలో రెండోసారి కోసిన గడ్డికి.

టిమోతీ చలి ప్రాంతాల గడ్డి. మన కోస్తా ఎండలకు పండదు, ఎక్కడి నుంచో రావాలి కాబట్టే అంత ధర. ఇందులో పీచు 30 శాతానికి అటూ ఇటూ, ప్రొటీన్ 7 నుంచి 11 శాతం ఉంటాయి. ఆ ముతక పీచే పేగులను కదిలిస్తుంది. కుందేలు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని గంటలకొద్దీ నమిలితేనే అరుగుతాయి. పెల్లెట్లతో (గుళికల మేతతో) ఆ పని జరగదు. ఫస్ట్ కట్‌లో కాడ లావు, పీచు ఎక్కువ. థర్డ్ కట్ అంతా మెత్తని ఆకే, ఇష్టంగా తింటాయి గానీ పీచు తక్కువ. సెకండ్ కట్‌లో కాడా ఆకూ రెండూ సరిపాళ్లలో ఉంటాయి.

కొనేటప్పుడు బొమ్మ కాదు, కవర్ వెనక ప్యాకింగ్ నెల, కట్ ఏదో చూడండి. టిమోతీ కంకి సజ్జ కంకిని చిన్నది చేసినట్టుంటుంది. సెకండ్ కట్‌లో కంకులు తక్కువే, అవి లేవని నకిలీ అనుకోవద్దు. ఎండ తగిలేలా వేలాడదీసిన ప్యాకెట్‌లో ఒకవైపు గడ్డి తెల్లబోయి ఉంటే వదిలేయండి, అందులో విటమిన్ ఎ చాలావరకు పోయినట్టే. ఇంటికి తెచ్చాక ఒక గుప్పెడు తీసి న్యూస్‌పేపర్ మీద దులపండి. నాలుగు ఆకు ముక్కలు రాలితే ఫరవాలేదు. బూడిదలాంటి దుమ్ము పడినా, కాడ కణుపుల దగ్గర నల్ల మచ్చలు కనిపించినా, ముక్క వాసన కొట్టినా అది బూజే. కడిగో, ఎండబెట్టో పెట్టే ప్రయత్నం చేయొద్దు, పారేయాల్సిందే.

ఆల్ఫాల్ఫాలో ప్రొటీన్ 15 శాతం పైనే, కాల్షియం టిమోతీకి రెండు మూడు రెట్లు. ఆరు నెలల లోపు పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకు మంచిది. ఎదిగిన కుందేలు మాత్రం తిన్న కాల్షియంలో ఎక్కువ భాగాన్ని ఒంటికి పట్టించుకుని, మిగులును మూత్రంలో వదులుతుంది. మూత్రం తెల్లగా, సున్నపు తేటలా చిక్కబడితే రాళ్ల దాకా రాకముందే ఆపేయాలి.

పేరు లేని కట్ట చాలాసార్లు వరిగడ్డే. ప్రొటీన్ 4 శాతం దగ్గర, సిలికా ఎక్కువ. కింద పరవడానికి సరే, కడుపు నింపడానికి కాదు. పశువుల మేతగా అమ్మే లేత పచ్చి జొన్న జోలికి అసలు వెళ్లొద్దు, అందులో సైనైడ్ విషం తయారవుతుంది.

టిమోతీ దొరకని వారాల్లో మన గరిక నిజంగా మంచి ఆసరా. కరకట్ట మీద, రోడ్డు పక్కన, మందు కొట్టిన చేల గట్ల మీద కోయొద్దు. చవితి ముందు మార్కెట్లో అమ్మే కట్టలు తడిగా ఉంటాయి, విప్పి ఆరబెట్టకపోతే లోపల వేడెక్కి కుళ్లుతాయి. గరికను నీడలో, ఫ్యాన్ గాలికి పల్చగా పరిచి, రోజుకు రెండుసార్లు తిరగేస్తూ రెండు మూడు రోజులు ఆరబెట్టండి. కాడ వంచితే టప్పున విరగాలి. వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టే.

రెండు కిలోల కుందేలు రోజుకు దాదాపు 80 నుంచి 100 గ్రాములు తింటుంది, తొక్కి పాడుచేసేది అదనం. అంటే నెలకు మూడు కిలోల పైమాటే. చిన్న ప్యాకెట్ల ధరను కిలోకు లెక్కేసి చూడండి, తేడా గట్టిగానే ఉంటుంది. అయినా జూలై నుంచి అక్టోబరు దాకా నెలకు మించి నిల్వ చేయొద్దు. ఇక్కడి ఉక్కకు బిగించిన ప్లాస్టిక్ కవర్ లోపల చెమ్మ పడుతుంది. నూలు సంచిలోకి మార్చి, గోడకు ఆనకుండా, నేలకు ఎత్తుగా చెక్క మీద పెట్టండి.

గినీ పిగ్‌కు గడ్డి ఎంత మంచిదైనా విటమిన్ సి రాదు. రోజూ ఒక క్యాప్సికం ముక్క తప్పనిసరి.

కొత్త గడ్డిని పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. ఆ రోజుల్లో పెంటికలు గమనించండి: పెద్దగా, గుండ్రంగా, విరిస్తే పీచు కనిపిస్తే గడ్డి పడినట్టు. చిన్నవై నల్లబడితే పీచు చాలట్లేదు. పన్నెండు గంటలు ఏమీ తినకుండా ముడుచుకుని కూర్చుంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.