విశాఖ ఉప్పుగాలికి ఏ బేస్: బోల్ట్-ఆనా, నెక్-త్రూనా?

బేస్ గిటార్ చెప్పి చేయించుకునేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది నెక్ సంగతే, అంటే తీగలు నొక్కే పొడవాటి కర్ర సంగతి. నాలుగు తీగలూ కలిపి సుమారు 75 కిలోల బలంతో దాన్ని లాగుతుంటాయి. నెక్-త్రూలో ఆ కర్ర బాడీ చివరిదాకా ఒకటే. పై ఫ్రెట్లకు, అంటే బాడీ దగ్గరి మెట్లకు, చెయ్యి హాయిగా అందుతుంది, చూడ్డానికీ దర్జాగా ఉంటుంది. కానీ మన వైజాగ్ తేమకు మెలి తిరిగిందా, నెక్ లోపలుండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ కాపాడదు. అది వంపునే సరిచేస్తుంది.

బోల్ట్-ఆన్ అయితే నెక్‌ను బాడీకి స్క్రూలతో బిగిస్తారు, వాటిని విప్పి నెక్కే మార్చేయొచ్చు, కోణం తేడా వస్తే పల్చటి చెక్కపేడు పెట్టొచ్చు. మాటిమాటికీ విప్పితే చెక్కలోని స్క్రూ గాట్లు అరిగిపోతాయి గనుక చెక్కలో దిగే లోహపు ఇన్సర్టులు, స్టెయిన్‌లెస్ బోల్టులు అడగండి. బీచ్ రోడ్డు పక్క ఇల్లయితే నా ఓటు దీనికే.

నెక్-త్రూయే కావాలంటే మెలి తిరగకుండా అయిదు పొరల మేపుల్ కర్ర, లోపల కార్బన్ రాడ్లు పట్టుబట్టి వేయించుకోండి. అయిదు తీగలదైతే, ఏ రకమైనా, స్కేల్ (తీగ మోగే పొడవు) 34 బదులు 35 అంగుళాలు చెప్పండి. అన్నిటికన్నా లావైన బి తీగ వదులుగా కొట్టుకోదు.