అడాలిముమాబ్ పెన్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే క్రోన్స్ వ్యాధికి ఎనిమిది నెలలుగా అడాలిముమాబ్ పెన్ (మనమే వేసుకునే ఇంజెక్షన్) వాడుతున్నాను. మొదటి రోజు 160 మిల్లీగ్రాములు, రెండు వారాలకు 80, ఆ తర్వాత రెండు వారాలకొకసారి 40 చొప్పున చర్మం కింద వేసుకోవాలని నాకు రాసిచ్చారు. మర్నాటికే ఉపశమనం ఆశించేవారికి ఇది నిరాశ కలిగించవచ్చు. నాకు విరేచనాలు అదుపులోకి రావడానికి ఆరు వారాలు పట్టింది.

మందు చేసే పనేమిటో తెలిస్తే ఆ ఆలస్యం అర్థమవుతుంది. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి విడుదల చేసే ప్రోటీన్లను సైటోకైన్లంటారు. వాటిలో టీఎన్ఎఫ్ ఆల్ఫా పేగు గోడలోకి మరిన్ని తెల్లరక్తకణాలను రప్పిస్తుంది, లోపలి పొర కణాల మధ్య బిగువును సడలిస్తుంది. ఆ సందుల్లోంచి బాక్టీరియా చొరబడితే టీఎన్ఎఫ్ మళ్లీ పెరుగుతుంది. అడాలిముమాబ్ ఆ అణువుకు అతుక్కుని, అది కణం మీద కబురు అందుకునే గ్రాహకాన్ని చేరకుండా అడ్డుపడుతుంది. విచిత్రమేమిటంటే, అదే టీఎన్ఎఫ్‌ను పట్టుకునే ఎటనర్సెప్ట్ అనే మరో మందు కీళ్లవాతానికి పనిచేసినా క్రోన్స్‌కు పనిచేయలేదు. ఐఎల్-17 అనే మరో సైటోకైన్‌ను అడ్డుకునే సెకుకినుమాబ్ అనే మందు అయితే మేలు చేయకపోగా కొందరికి వ్యాధిని ముదిర్చింది. వాపు రగిలిస్తుందని మనం నిందించే అణువే పేగు పొరను కాపాడుతూ ఉండవచ్చునన్న సంగతి నన్ను చాలాకాలం వెంటాడింది.

పెన్నును ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచాలి, కుదపకూడదు. తొడ మీద నిలువుగా ఆనించి నొక్కగానే టిక్కుమంటుంది, చిన్న కిటికీలో రంగు పూర్తిగా నిండేదాకా కదపకూడదు. మూడోసారి తొందరపడి ముందే తీసేస్తే మందు తొడ మీదుగా జారిపోయింది. మందులో కలిపే సిట్రేట్ అనే లవణం లేని రకానికి మారాక మంట దాదాపు పోయింది. ఒకసారి మందు సరఫరా చేసిన సంస్థ పంపిన పెట్టెలో ఐస్ ప్యాక్ పూర్తిగా కరిగి గోరువెచ్చగా ఉంది. ఆ పెట్టెను నేను తిప్పి పంపాను, పెట్టె అందుకునేవారందరూ ముందుగా ఐస్ ప్యాక్‌నే ముట్టి చూసుకోవాలి.

మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను కట్టడి చేసేదీ టీఎన్ఎఫ్ కాబట్టి, దాన్ని ఆపితే అవి మేల్కొనే ప్రమాదముంది.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. మోతాదుల మధ్య ఎడం పెరిగితే శరీరం మందుకే వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చని, అప్పుడు అదే పెన్ను పనిచేయడం మానేయవచ్చని పెట్టెలోని కరపత్రం నాలాంటి రోగికి అర్థమయ్యేలా చెప్పలేదు. ఆ ఒక్క మార్కు అందుకే తగ్గించాను.