మైపాడు కెరటాలకు 9వ నంబరు ఫ్లై రాడ్ కిట్: కడపవాసి సమీక్ష

కడప జిల్లాకు సముద్రం లేదు. మైపాడు తీరం చేరాలంటే పెన్న పారే దిక్కుకే సాగి, నెల్లూరు దాటి వెళ్ళాలి. కాబట్టి మా ప్రాంతంవాళ్ళు అలల్లో నిలబడి ఫ్లై ఫిషింగ్ (తేలికైన కృత్రిమ ఎరతో చేపలు పట్టడం) చేయడానికి సామగ్రి కొంటే, అది ఏడాదిలో అధికభాగం ఇంట్లో పడి ఉన్నా, తీరంలో గడిపే ఆ కొద్ది గంటల్లో మొరాయించకుండా పనిచేయాలి. రాడ్, రీలు, లైను కలిపి ఒకే సంచిలో అమ్మే 9వ నంబరు (లైను బరువును బట్టి ఇచ్చే సంఖ్య) కిట్‌ను నేను ఆ దృష్టితోనే పరిశీలించాను.

రాడ్ చాలా బాగుంది. 9 అడుగుల గ్రాఫైట్ రాడ్ నాలుగు ముక్కలుగా విడిపోతుంది కనుక బస్సు ప్రయాణంలో ఇబ్బంది ఉండదు. మామూలు గాలంలో సీసపు గుండు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై పద్ధతిలో మాత్రం ఈకలు, వెంట్రుకలతో కట్టిన ఎరను లైను బరువే మోసుకుపోవాలి. ప్రమాణం ప్రకారం 9వ నంబరు లైను మొదటి 30 అడుగుల బరువు 240 గ్రెయిన్లు, అంటే సుమారు 15.5 గ్రాములు, 8వ నంబరుకు అది 210 గ్రెయిన్లే. సముద్రపు గాలి ఎదురుగా వీస్తున్నప్పుడు ఈ తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. సిద్ధవటం దగ్గర పెన్న ఇసుకలో సాధన చేసినప్పుడు, ఎడమ చేత్తో లైనును లాగి వదిలే డబుల్ హాల్‌కు రాడ్ ఎంతో చురుగ్గా స్పందించింది. ఇసుక రాపిడికి లైను పూత పాడవుతుంది కనుక కింద టార్పాలిన్ పరచుకోవడం మంచిది.

లోపమంతా లైనులోనే ఉంది. కిట్‌తో వచ్చేది నీటిపై తేలే లైను. ప్రతి అల దాన్ని ఎత్తి వంచేస్తుంది, ఆ వదులులో చేప ముట్టిన సంగతే చేతికి అందదు. సెకనుకు ఒకటిన్నర, రెండు అంగుళాల చొప్పున మునిగే ఇంటర్మీడియట్ లైను ఉపరితలపు అలజడి కిందికి దిగి, ఎర వరకు బిగువుగా నిలుస్తుంది. పైగా చల్లని నీళ్ళ కోసం తయారుచేసిన లైను మన ఎండలకు మెత్తబడి రాడ్ రింగులకు అంటుకుంటుంది. గట్టి లోపలి తీగ ఉండే ఉష్ణమండలపు రకమే మనకు తగినది.

రీలు అల్యూమినియంతో చేసినది, డ్రాగ్ (చేప లైను లాగేటప్పుడు అడ్డుకునే బ్రేకు) లోపలికి ఉప్పు చేరకుండా మూసి ఉంది. అయినా దాన్ని తీరం వదిలేలోగానే మంచినీళ్ళతో మెల్లగా కడగాలి. జోరుగా నీళ్ళు కొడితే ఉప్పు, ఇసుక లోపలికే పోతాయి. దాచేటప్పుడు డ్రాగ్‌ను వదులు చేయాలి.

లాగిన లైను పడే నడుము బుట్ట కిట్‌లో లేదు. అది లేకపోతే లైను కాళ్ళకు చుట్టుకుంటుంది. బజారులో దొరికే ప్లాస్టిక్ తొట్టికి అడుగున రంధ్రాలు చేసి, బెల్టు తగిలిస్తే సరిపోతుంది. ఎరల్లో అమెరికన్ బాబ్ క్లౌజర్ రూపొందించిన క్లౌజర్ మిన్నో నాకు నచ్చింది. ఎరకు కట్టిన లోహపు కళ్ళ బరువుకు కొక్కెం పైకి తిరిగి ఉంటుంది కాబట్టి ఇసుకలో అంతగా చిక్కుకోదు. చిన్న చేపలను వేటాడే పండుగప్పకు, పారకు ఇది తగిన ఎర.

రాడ్, రీలు విడిగా దొరికితే అలాగే కొనండి. లేకపోతే కిట్ తీసుకొని, అందులోని లైనును సాధనకే కేటాయించి, సముద్రానికి ఇంటర్మీడియట్ లైనును వేరే స్పూల్‌కు (రీలులో లైను చుట్టే చక్రానికి) ఎక్కించుకోండి.